ఆకుపిట్ట ఏ ఊరిది?

దసరా పండుగ రోజుల్లో మా ఇంటి వెనుక ఉన్న చింతచెట్టు మీద నుంచి ఒక చిన్న పిలుపు వినిపించడం మొదలవుతుంది. "చిస్-వీ, చిస్-వీ" అని రెండు ముక్కలుగా, కాస్త గట్టిగా, ఎవరినో తొందరపెడుతున్నట్లు ఉంటుంది ఆ పిలుపు. ఉగాది వెళ్ళి కొన్ని వారాలు గడిచేవరకు అది ప్రతిరోజూ వినిపిస్తూనే ఉంటుంది. తరువాత ఒకనాడు ఆగిపోతుంది. ఎన్నో ఏళ్ళు నేను ఆ పిలుపును విన్నాను. కాని పిలిచేది ఎవరో చూడలేదు. చూడాలని అనుకోలేదు కూడా.

ఒకసారి మా ఇంటికి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి ఒకడు తలెత్తి చూసి, "సార్, అది ఏం పిట్ట?" అని అడిగాడు. "ఏదో పిచ్చుక జాతి అయి ఉంటుంది" అన్నాను. "పిచ్చుక ఇలా అరవదు కదా సార్" అన్నాడు వాడు. నాకు సిగ్గు వేసింది. పిల్లవాడు విన్నదాన్ని నేను వినలేదు. ఆ శీతకాలమంతా పక్షుల పుస్తకం చేతపట్టుకొని ఇద్దరం ఆ చెట్టు కింద నిలబడ్డాం. చివరికి పిట్టను గుర్తుపట్టాం. అప్పుడు వాడు రెండో ప్రశ్న వేశాడు: "సార్, ఇది మన ఊరి పిట్టా, పరాయి ఊరి పిట్టా?"

మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరికింది. రెండో ప్రశ్నకు జవాబు నేనే ఆలోచించుకోవలసి వచ్చింది. ఆ ఆలోచననే ఇక్కడ మీ ముందు పెడుతున్నాను.

ఈ పిట్టను ఇంగ్లీషులో గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. ఎప్పుడూ ఆకుల మధ్యే తిరుగుతుంది కాబట్టి ఈ పాఠంలో మనం దీన్ని ఆకుపిట్ట అని పిలుచుకొందాం. దీని పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. బరువు ఏడెనిమిది గ్రాములు. అంటే మన 10 రూపాయల నాణెం బరువు ఎంతో, ఈ పిట్ట బరువు దాదాపు అంతే.

దీన్ని గుర్తుపట్టడం అంత సులభం కాదు. నెమలికి పింఛం ఉంది. పాలపిట్టకు నీలి రెక్కలు ఉన్నాయి. ఆకుపిట్టకు అటువంటి ఆడంబరం ఏదీ లేదు. వీపు బూడిద కలిసిన ఆకుపచ్చ. పొట్ట మాసిన తెలుపు. కంటి మీదుగా వెనుకకు సాగే పొడవైన లేత పసుపు గీత ఒకటి ఉంటుంది. కనుబొమ దిద్దినట్లు ఉండే ఆ గీత ముఖ్యమైన గుర్తు. రెక్క మీద సన్నని తెల్లని అడ్డుగీత ఒకటి ఉంటుంది. ఈకలు అరిగినప్పుడు అది కనిపించకపోవచ్చు. ముక్కు పై భాగం నలుపు, కింది భాగం లేత రంగు. పిట్ట ఒక్కచోట నిలవదు. కొమ్మ కొమ్మకూ దూకుతూ, రెక్కలు విదిలిస్తూ, ఆకుల అడుగున ఉన్న చిన్న చిన్న పురుగులను ఏరుకొని తింటుంది.

దీన్ని చూసి వేరే పిట్ట అనుకొనే ప్రమాదం ఉంది. కుట్టుపిట్ట కూడా చిన్నదే, ఆకుపచ్చనిదే. కాని దాని నెత్తి ఇటుకరంగులో ఉంటుంది. అది తోకను పైకి నిక్కించి కింది పొదల్లో తిరుగుతుంది. తెల్లని వలయం కంటి చుట్టూ ఉండి, గుంపుగా తిరిగే పిట్ట మరొకటి. అది కూడా మన పిట్ట కాదు. ఆకుపిట్ట లాగే చలికాలంలో వచ్చి, కంచెల్లోనూ పొదల్లోనూ దాక్కొని "చక్, చక్" మనే పిట్ట ఇంకొకటి ఉంది. దాని ఒళ్ళు గోధుమరంగు, పచ్చదనం ఉండదు. రెక్క మీద రెండు గీతలు స్పష్టంగా కనిపిస్తే అది ఆకుపిట్టకు దాయాది అయిన మరో జాతి కావచ్చు. ఇలా ఒక్కొక్క దాన్ని తీసివేసుకొంటూ రాగా చివరికి మిగిలేది మన పిట్ట.

అయినా కంటికంటే చెవే నమ్మకమైన సాక్షి. ఈ మాట నేను కొత్తగా చెబుతున్నది కాదు. ఇంగ్లండులోని సెల్‌బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే మతాచార్యుడు ఉండేవాడు. అక్కడివారు ఒకే పిట్ట అనుకొంటున్నది నిజానికి మూడు జాతులని ఆయన 1768లో రాసిన ఒక ఉత్తరంలో తెలియజేశాడు. ఆ మూడూ మన ఆకుపిట్టకు బంధువులే. చూడడానికి దాదాపు ఒకే విధంగా ఉంటాయి. ఆయన వాటి పాటలను శ్రద్ధగా విని తేడా పట్టుకొన్నాడు. ఆయనకు ప్రయోగశాల లేదు. ఓపిక ఉంది, సొంత ఊరి మీద ఆసక్తి ఉంది.

పిట్టలు కూడా ఒకదాన్నొకటి పాటతోనే గుర్తుపడతాయి. ఆకుపిట్టలు టిబెట్ పీఠభూమి చుట్టూ ఉన్న అడవుల్లో, హిమాలయాల నుంచి పడమటి వైపుగానూ తూర్పు వైపుగానూ వ్యాపించి ఉన్నాయి. ఈ రెండు శాఖలు ఉత్తరాన సైబీరియాలో మళ్ళీ కలుసుకొంటాయి. దారి పొడవునా పాట కొద్దికొద్దిగా మారుతూ వచ్చింది. చివరికి కలిసిన చోట ఒకరి పాట మరొకరికి తమవారి పాటగా తోచదు. అందువల్ల ఆ రెండు శాఖలూ చాలావరకు జతకట్టవు. డారెన్ ఇర్విన్, స్టాఫన్ బెన్ష్, ట్రెవర్ ప్రైస్ అనే శాస్త్రజ్ఞులు 2001లో ఈ సంగతిని వివరించారు. ఒక జాతి రెండు జాతులుగా ఎలా విడిపోతుందో తెలుసుకోవడానికి ఈ చిన్న పిట్ట ప్రపంచానికి ఒక మంచి ఉదాహరణ అయింది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఆకుపిట్ట ఏ ఊరిది?

పుట్టుకను బట్టి చూస్తే అది మన ఊరిది కాదు. హిమాలయాలు, మధ్య ఆసియా పర్వతాలు, సైబీరియా, అక్కడి నుంచి పడమరగా ఫిన్లాండు వరకు ఉన్న చల్లని అడవులు దాని పుట్టిళ్ళు. చెట్ల మీద తిరిగే ఈ పిట్ట గూడు మాత్రం సాధారణంగా నేల మీద కడుతుంది. గట్టు వాలులోనో, చెట్టు వేళ్ళ మధ్యనో, నాచులో దాగి ఉండేటట్లు గుండ్రని గూడు అల్లుతుంది. పైన కప్పు ఉంటుంది, పక్కన వాకిలి ఉంటుంది. తెల్లని గుడ్లు పెడుతుంది. వేసవి రెండు మూడు నెలల్లో పిల్లలను పెంచి, చలి ముదరకముందే దక్షిణానికి బయలుదేరుతుంది. ఐరోపాలో పుట్టే చిన్న పిట్టలు చాలా మట్టుకు శీతకాలానికి ఆఫ్రికాకు పోతాయి. ఆకుపిట్ట మాత్రం తూర్పుకు తిరిగి మన దేశానికే వస్తుంది. ఫిన్లాండు నుంచి దక్షిణ భారతానికి 6,000 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. నాణెమంత బరువున్న పిట్ట అంత దూరం ఎగిరి వస్తుంది.

అందుకే మన పత్రికలు, ఉపన్యాసకులు ఇటువంటి పక్షులను "విదేశీ అతిథులు" అంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. అతిథిని గౌరవించడం మన సంప్రదాయం. అయినా ఆ మాట ఆకుపిట్ట విషయంలో సరిపోదని నా అభిప్రాయం.

మొదటి కారణం కాలం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చిన పిట్ట ఏప్రిల్ వరకు ఇక్కడే ఉంటుంది. అంటే సంవత్సరంలో సగం కంటే ఎక్కువ కాలం. పుట్టిన అడవిలో గడిపేది అందులో సగం కూడా కాదు. ఏడాదికి ఏడు నెలలు మన వీధిలో కాపురం ఉండేవారిని ఎవరైనా అతిథి అంటారా?

రెండో కారణం అది ఇక్కడ జీవించే తీరు. అతిథి ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చొంటాడు. ఆకుపిట్ట అలా కాదు. అది కొన్ని చెట్లను తనవిగా చేసుకొని వాటికి పొలిమేర ఏర్పరచుకొంటుంది. ఆ పొలిమేరలోకి మరో ఆకుపిట్ట వస్తే తరిమివేస్తుంది. మనం రోజంతా వినే "చిస్-వీ" పిలుపు ఊరికే అరిచే అరుపు కాదు. "ఇది నా చోటు" అని చెప్పే ప్రకటన. ముందు చెప్పిన ట్రెవర్ ప్రైస్ ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల పక్షులను పరిశీలించినవాడు. ఆకుపిట్ట శీతకాలం ఎలా గడుపుతుందో ఆయన 1981లో ఒక వ్యాసంలో వివరించాడు. నిరుడు ఉన్న చోటికే ఈ ఏడు తిరిగి వచ్చే పిట్టలు కూడా ఉన్నాయి. వేల కిలోమీటర్లు వెళ్ళి, మళ్ళీ అదే తోపును వెదుక్కొంటూ వచ్చేది అతిథి అవుతుందా, ఊరివాడు అవుతుందా?

మూడో కారణం అన్నిటికంటే బలమైనది. ఆకుపిట్ట తన రెక్కల ఈకలను శీతకాలం చివరి రోజుల్లో ఇక్కడే మార్చుకొంటుంది. పాతవి రాలి కొత్తవి వస్తాయి. ఆ కొత్త ఈకలకు కావలసిన బలం మన చింతచెట్లమీద, వేపచెట్లమీద, తుమ్మచెట్లమీద దొరికిన పురుగుల నుంచే వస్తుంది. అంటే సైబీరియాకు ఎగిరిపోయేటప్పుడు దాన్ని మోసుకొనిపోయే రెక్కలు మన ఊళ్ళో తయారైనవి. తల్లిగూడు దానికి జన్మనిచ్చింది, నిజమే. కాని ఏటేటా దానికి రెక్కలిచ్చేది మన ఊరి చెట్టు.

కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరు గ్రామస్థులు తమ చెట్ల మీద గూళ్ళు కట్టే కొంగలను, గూడబాతులను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా భావిస్తారు. వాటిని ఎవరినీ కొట్టనివ్వరు. ఎంతో గొప్ప భావన అది. మరి మన ఊళ్ళో గూడు కట్టని, గుడ్డు పెట్టని పిట్టకు ఏ బంధుత్వం చెప్పాలి? దాన్ని మనం ఇరుగుపొరుగు అనాలి. మన గోడ పక్కన ఉండి, మన గాలి పీల్చి, మన చెట్ల పురుగులు తిని, తన పని తాను చేసుకొని బతికేది పొరుగే కదా.

"పేరులో ఏముంది? అతిథి అంటే ఏమి, పొరుగు అంటే ఏమి?" అని మీరు అడగవచ్చు. తేడా ఉంది. అతిథి పట్ల మన బాధ్యత రెండు రోజులది. పొరుగు పట్ల బాధ్యత ఎప్పటికీ ఉండేది. రోడ్డు వెడల్పు చేయడానికి నూరేళ్ళ చింతచెట్లను కొట్టివేసినప్పుడు, "ఉండేవి నాలుగు పిట్టలు, ఇంకో చోటికి పోతాయిలే" అంటారు. అతిథి అయితే ఇంకో ఇంటికి పోగలడు. కాని ప్రతి తోపులోనూ అప్పటికే ఒక ఆకుపిట్ట పొలిమేర కట్టుకొని ఉంటుంది. చెట్టు పోయిన పిట్టను అది తన దగ్గరకు రానివ్వదు. ఆరు వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి తన చెట్టు ఉన్న చోట మొద్దును చూసిన పిట్టకు ఏ దారి ఉంటుంది? పంట మీద, తోట మీద అవసరానికి మించి విషపు మందులు చల్లినా ఇదే కష్టం. చెట్టు నిలబడే ఉంటుంది, దాని మీద తిండి ఉండదు.

పెద్ద పక్షులకు ఆదరణ దొరుకుతోంది. పులికాట్ సరస్సుకు వచ్చే రాజహంసల పేరున సూళ్ళూరుపేటలో పండుగ జరుపుతారు. తమిళనాడులోని వేడంతాంగల్‌కూ, ఒడిశాలోని చిలికా సరస్సుకూ పక్షులను చూడడానికి జనం బారులు తీరుతారు. 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో వలస ప్రాణుల సంరక్షణ గురించి అంతర్జాతీయ సమావేశం జరిగినప్పుడు, ఆ ప్రాణులను తమ ఇంటికి తిరిగి వచ్చినవారిగా ఆహ్వానించాలన్న భావాన్నే మన దేశం ముందుంచింది. ఆ భావం నాకు నచ్చింది. అయితే అది వేలాదిగా వాలే పెద్ద పక్షుల దగ్గరే ఆగిపోకూడదు. ఆకుపిట్ట గుంపుగా రాదు. ఒక్క చెట్టుకు ఒక్కటిగా వస్తుంది. దాన్ని చూడడానికి యాత్ర చేయనక్కరలేదు, తలెత్తితే చాలు. అందుకే ఎవరూ చూడరు.

ఇక్కడ పేరు సంగతి కూడా చెప్పాలి. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ మన దేశపు పక్షుల గురించి పెద్ద గ్రంథం రాశాడు. అందులో చాలా పక్షులకు ప్రజల నోట ఉన్న తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. ఆయన పేరు మీదనే శాస్త్రజ్ఞులు పిలిచే కలివికోడి ఇక లేదని చాలాకాలం అనుకొన్నారు. 1986లో అది కడప జిల్లాలో తిరిగి కనిపించింది. ఆ పొదల్లో తిరిగే స్థానికుల సహాయం లేకపోతే అది దొరికేది కాదు. ఒక పక్షిని గుర్తుపట్టే మనుషులు ఊళ్ళో ఉండడం ఆ పక్షికి ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది. పేరు పెట్టి పిలవలేనిదాన్ని మనం వెదకము. వెదకనిది పోయినా మనకు తెలియదు.

మీరు హోసూరులో చదువుతూ ఉండవచ్చు, బళ్ళారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఉండవచ్చు. "మీ సొంత ఊరు ఏది?" అని మిమ్మల్ని ఎవరో ఒకరు అడిగే ఉంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు కాబట్టి మీ ఊరు మరెక్కడో ఉంటుందని అడిగేవారి ఉద్దేశం. మీ తాతముత్తాతలు పుట్టి పెరిగిన ఊరు ఇదే అని చెప్పినా కొందరికి నమ్మకం కుదరదు. మనిషిని పిట్టతో పోల్చడం నా ఉద్దేశం కాదు. తరతరాలుగా స్థిరపడిన మీరు వలస వచ్చినవారు కారు. కాని ప్రశ్న మాత్రం ఒక్కటే. ఊరు అనేది పుట్టుకను బట్టి, మాటను బట్టి మాత్రమే ఏర్పడుతుందా? బతుకును బట్టి, చేసిన పనిని బట్టి కూడా ఏర్పడుతుందా? ఆ ప్రశ్నలోని ముల్లు మీకు తెలుసు. కాబట్టి ఆకుపిట్ట తరఫున మాట్లాడడానికి మీకంటే తగినవారు లేరు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆకుపిట్ట మనది అంటే మనదొక్కరిదే అని కాదు. ఫిన్లాండులోని పిల్లవాడు వేసవిలో దాని పాట విని "మా పిట్ట" అంటే అతడి మాట కూడా నిజమే. రెండు ఊళ్ళు ఉండడం తప్పు కాదు. ఒక ఊరు దాని గూటిని కాపాడాలి, మరొక ఊరు దాని చెట్టును కాపాడాలి. ఏ ఒక్కరు చేయి వదిలినా రెండో వారి శ్రమ వృథా అవుతుంది. అక్కడి అడవిని వాళ్ళు ఎంత కాపాడినా, ఇక్కడి చింతచెట్టును కాపాడడం వాళ్ళ చేతిలో లేదు. అది మన పని.

అందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఒక నోటుపుస్తకం చాలు. ఈ ఏడు దసరా సెలవుల్లో ఏ రోజున మొదటి పిలుపు విన్నారో అందులో రాసుకోండి. ఏ చెట్టు మీద, ఏ వేళ అన్నది కూడా రాయండి. ఉగాది తరువాత చివరి పిలుపు ఏ రోజున విన్నారో రాయండి. వచ్చే ఏడాది అదే చెట్టు కింద నిలబడి మళ్ళీ వినండి. గుర్తుపట్టలేకపోతే పిట్టను పట్టుకోవద్దు, రాయి విసరవద్దు. మరునాడు మళ్ళీ వెళ్ళండి, అది అక్కడే ఉంటుంది. ఆ చెట్టును ఎవరైనా కొట్టాలని వస్తే, "ఇందులో ఒకరు కాపురం ఉంటున్నారు" అని చెప్పడానికి మీ దగ్గర తేదీలతో సహా ఆధారం ఉంటుంది.

మా విద్యార్థి అడిగిన రెండో ప్రశ్నకు నేను ఆ ఏడు జవాబు చెప్పలేదు. మరుసటి సంవత్సరం దసరాకు రెండు రోజుల ముందు వాడే పరుగెత్తుకొంటూ వచ్చి, "సార్, మన పిట్ట వచ్చేసింది!" అన్నాడు. నేను చెప్పవలసిన జవాబు వాడి నోటనే వచ్చింది.